ఆర్థర్స్ పాస్ మీద ఎడమవైపు బరువు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. చేసేది పాలు పితికే యంత్రాల కంపెనీలో సర్వీస్ ఇంజనీర్ ఉద్యోగం. ఏ వింత చప్పుడు విన్నా ఎక్కడో నట్టు వదులైందనే అనుకుంటాను. ఇప్పటికీ అదే నమ్మకం. ఆ ఒక్క రోజుకు మాత్రం నట్టు దొరకలేదు.

మాది హనుమకొండ. చదువుకోవడానికి క్రైస్ట్‌చర్చ్ వచ్చి, ఉద్యోగం దొరికాక రిక్కార్టన్‌లో ఒక ఫ్లాట్‌లో సెటిల్ అయ్యాను. పెళ్లికి ఇండియా వెళ్లినప్పుడు సౌజన్యతో కలిసి ఉన్నది ఇరవై మూడు రోజులు. ఆ రోజుల్లో మా బావ బైకు మీద ఊరంతా తిరిగాం. చీర కట్టుకుని, రెండు కాళ్లూ ఎడమవైపు వేసి, నా భుజం పట్టుకుని కూర్చునేది. తర్వాత నేను వచ్చేశాను. వీసా కోసం ఆమె అక్కడే ఆగింది.

ఇక్కడికి వచ్చాక ఒక పాత బైకు కొన్నాను. వెనక సీటు వెడల్పుగా ఉందని కొన్నాను, ఇంకే కారణమూ లేదు. వీడియో కాల్‌లో ఆమెకు ఎప్పుడూ ఒకటే ధ్యాస, ఆర్థర్స్ పాస్. మంచుకొండలు దాటి పశ్చిమ తీరానికి వెళ్లే దారి అది. ఆ కొండలకు అటూ ఇటూ రెండు వేరే దేశాలంటారు ఇక్కడివాళ్లు. ఇటువైపు ఎండిన గడ్డి, అటువైపు ఎడతెగని వాన. ఫోన్‌లో చూసి చూసి ఆ దారిలో మలుపులన్నీ ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"మొదలు నన్ను ఆడికే తీస్కపోవాలె. ఇంటికి తర్వాత పోదాం," అనేది. "బైకుకు శారీ గార్డ్ ఉన్నదా మరి?"

ఇక్కడి బళ్లకు శారీ గార్డులు ఎక్కడుంటాయి? బావతో ఒకటి కొనిపించి, ఇండియా నుంచి వస్తున్న స్నేహితుడి సూట్‌కేసులో తెప్పించాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఇదేమిటని అడిగితే, చీర చక్రంలో పడకుండా అని వివరించేసరికి మా స్నేహితుడికి చెమటలు పట్టాయట. తీరా చూస్తే అది నా బండికి సరిపోలేదు. అసలు ఇక్కడ వెనక కూర్చునేవాళ్లు అటో కాలు ఇటో కాలు వేసే కూర్చోవాలి, అది రూలు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆమె రాలేదు. డెంగీ జ్వరం, ఆరు రోజులు. నేను విమానం దిగేసరికి అంతా అయిపోయింది. వీసా మంజూరైందన్న మెయిల్ దశదిన కర్మకు ముందు రోజు వచ్చింది.

రెండేళ్లు ఆ బండిని ఒక్కడినే నడిపాను. వెనక ఫుట్‌రెస్టులు ఒక్కసారి కూడా దించలేదు. రెండూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. చివరికి పశ్చిమ తీరంలోని హోకిటికా అనే ఊళ్లో గ్రాహం అనే పెద్దాయన కొంటానన్నాడు. ఎన్నాళ్లిలా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు, బండి కళ్ల ముందు లేకపోతే కాస్త తేరుకుంటానని నాకూ ఆశ. హోకిటికా వెళ్లాలంటే ఆర్థర్స్ పాస్ దాటాలి. అప్పటిదాకా నేను ఆ దారి తొక్కలేదు.

ఫిబ్రవరిలో ఒక తేటైన ఉదయం బయలుదేరాను. ముందుగా గ్రాహంకు పంపడానికి బండిని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో వెనక ఫుట్‌రెస్టులు రెండూ మడిచే ఉన్నాయి.

గంటకు పైగా నడిపాక, కాజిల్ హిల్ దగ్గర నీళ్లు తాగడానికి ఆగాను. ఎడమ ఫుట్‌రెస్ట్ దిగి ఉంది. కుదుపులకు పడి ఉంటుందనుకుని బూటుతో తన్నాను. మూడుసార్లు గట్టిగా తన్నితే గానీ మడత పడలేదు. అది కుదుపుకు పడేది కాదని అప్పుడే తెలిసింది. తెలియనట్టు బండెక్కాను.

ఆర్థర్స్ పాస్ ఊళ్లో కాఫీ తాగి వచ్చేసరికి మళ్లీ దిగి ఉంది. అక్కడ కేయా అనే కొండ చిలుకలు బళ్ల రబ్బర్లు పీకుతుంటాయి. నేరం వాటి మీదికి నెట్టేద్దామని చుట్టూ చూశాను. ఒక్కటి కూడా లేదు. ఉన్నా, నా బూటుకు లొంగనిది దాని ముక్కుకు లొంగుతుందా?

మళ్లీ మడవబుద్ధి కాలేదు. అలాగే వదిలేసి బయలుదేరాను.

అక్కడి నుంచి బండి ఎడమకు లాగడం మొదలైంది. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని ఎక్కించుకుని నడిపినవాళ్లకు ఆ లాగుడు తెలుసు. చేతులు వాటంతటవే హ్యాండిల్‌ను కాస్త కుడికి పట్టుకుంటాయి. నా చేతులూ అలాగే పట్టుకున్నాయి. టైర్లో గాలి తగ్గిందేమోనని ఆగి గేజ్ పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది.

భయం వేయలేదు. వెనక్కి తిరగలేదు, అద్దంలోకి కూడా చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు కాబట్టే చూడలేదు. అరవై దాటకుండా నడిపాను. ఓటిరా వంతెన రాగానే, హెల్మెట్‌లోనే గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. ఇదిగో నువ్వు ఫోన్లో చూపించిన వంతెన, అదిగో జలపాతం రోడ్డు మీది నుంచి దూకుతోంది చూడు అని. ఆ గంటసేపూ నేను పెళ్లయినవాడిలా ఉన్నాను. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

హోకిటికాలో గ్రాహం తన షెడ్డులో బండిని పరీక్షగా చూశాడు. ఎడమ ఫుట్‌రెస్ట్‌ను ఒక్క వేలితో మడిచి దించాడు. రోజూ వాడుతున్నదానిలా కదిలింది. కుడిది రాలేదు. స్ప్రే కొట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసినా రాలేదు.

"నీ వెనక కూర్చునే మనిషికి ఒకటే కాలా?" అన్నాడు నవ్వుతూ.

"మా ఆవిడ. రెండు కాళ్లూ ఎడమవైపే వేసుకుంటుంది," అన్నాను.

ఆ మాట అన్నాక ఇక తాళాలు ఆయన చేతిలో పెట్టలేకపోయాను. అమ్మలేనని చెప్పి, క్షమించమన్నాను. ఆయన కారణం అడగలేదు. టీ పెట్టి ఇచ్చి, వాన పడేలోపు కొండ దాటెయ్యమన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఏమీ జరగలేదు. ఎడమ ఫుట్‌రెస్ట్ నేనే దించి, పాస్ మీద అరగంట ఆగాను. ఆ తర్వాత కూడా బండి తిన్నగా, తేలిగ్గా నడిచింది. రిక్కార్టన్ చేరేవరకు నేను ఒక్కడినే.

ఆ తర్వాత ఆ దారిలో పదకొండుసార్లు వెళ్లాను. అదే బండి, అదే వేగం. ఒకసారి కావాలని ఫిబ్రవరిలోనే వెళ్లాను. ఏమీ లేదు. ఇంజనీరుగా ఆలోచించినా, మొగుడిగా ఆలోచించినా ఆ రోజు జరిగినదానికి కారణం దొరకలేదు. ఇలాంటివి ఎదురైనవాళ్లు మళ్లీ జరుగుతుందేమోనని భయపడతారట. నా భయమల్లా ఇక జరగదేమోనని.