సలోమి టీచరుగారి భయం

ఇవాళ పొద్దున పక్క స్థలంలో లారీ కంకర దించుతుంటే, రాళ్ళు జారే ఆ చప్పుడుకి కాఫీ గ్లాసు వదిలేసి బాల్కనీలోకి పరిగెత్తాను, కింద పిల్లలెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. అయినా గుండెదడ తగ్గలేదు. ఈ దడ నాకు సలోమి టీచరుగారు అంటించినది.

డెబ్బైలలో, పటమటలో నేను టీచరుగా కొత్తగా చేరిన బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. భూగోళం చెప్పేవారు. ఉరిమితే కిటికీలు మూయించేవారు. రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకునేవారు. మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం. అంత పిరికి మనిషి ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని మొగల్రాజపురం కొండెక్కించేవారు. రాయిని బల్ల మీద పెట్టి చెబితే బుర్రకెక్కదని ఆవిడ పట్టుదల.

నేను చేరిన ఏడు, కొండెక్కడానికి ముందురోజంతా వాన కురిసింది. కొండ మీద ఆవిడ ఒక రాయి తీసి అందులోని ఎర్రటి గింజలు చూపించారు. "ఇది ఒకప్పుడు బురదమ్మా. భూమి లోపల నలిగి, ఉడికి ఇంత గట్టిపడింది. ఆ వేడికే ఈ గింజలు పుట్టాయి. ఇప్పుడు వాన దీన్ని మళ్ళీ మట్టి చేస్తోంది."

పిల్లలు ముందుకు పొడుచుకొచ్చిన ఒక పెద్ద బండ కింద చేరి టిఫిన్ డబ్బాలు తెరుస్తున్నారు. పైనుంచి కాస్త కంకర జలజలా జారింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"డబ్బాలు మూసేసి దిగండి," అన్నారు.

"చిన్న రాళ్ళేగదండీ," అన్నాను.

"రాతి పొరలు మనవైపే వాలి ఉన్నాయి, చూడు. మధ్యలో మట్టి కొట్టుకుపోతే బండకి ఆధారమేదమ్మా?"

చదును నేలకి దిగి లెక్క చూస్తే విజయ అనే పిల్ల లేదు. మర్చిపోయిన డబ్బా కోసం వెనక్కెళ్ళిందట. పిలిస్తే ఆ బండ కిందనుంచే పలికింది. కాలు బెణికి లేవలేకపోతోంది. నేను కదలబోయాను.

"నువ్వాగు. నీకింకా పెళ్ళి కూడా కాలేదు. పిల్లల్ని చూసుకో," అని ఆవిడే చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కారు.

కంకర రాలుతూనే ఉంది. విజయని వీపున వేసుకుని దిగివచ్చాక మంచినీళ్ళిస్తే, గ్లాసు ఆవిడ పళ్ళకి టకటకా కొట్టుకుంది.

"భయం వెయ్యలేదాండీ?" అని అడిగాను.

"వేసింది. ఇప్పుడూ వేస్తోంది. తగ్గేదాకా ఆగితే పిల్ల అక్కడే ఉండేది కదమ్మా."

బండ ఆ రోజు పడలేదు. తర్వాతా పడలేదు. అనవసరంగా కంగారుపెట్టారని పిల్లల పెద్దవాళ్ళు విసుక్కున్నారు. ఆవిడ మరుసటి ఏడు మళ్ళీ కొండకి బయల్దేరారు. ఆవిడ రిటైరయ్యాక ఆ పని నాకొచ్చింది. కొండకెళ్ళే ముందు రాత్రి ఒక్కసారీ నిద్ర పట్టలేదు. ఒక్క ఏడూ మానలేదు.