రెండే పిలుపులు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించిన కృపామణికి కంప్యూటర్ ఆటలు రాసే పని కావాలి. తిరుపతి హాస్టల్లో వీడియోలు చూసి కోడు నేర్చుకుంది. ఎన్ని కంపెనీలకు రాసినా ఒకటే ప్రశ్న: అనుభవం ఉందా?

"పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. నీ కథ అట్లుండాది మే" అని గదిలో తోడుండే అంబ్రీన్ నవ్వింది. నవ్వి, తన లాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టింది. "నాకు దీంతో పనిలేదు, వాడుకో" అంది. ఆ పిల్ల తన ప్రాజెక్టు పనికి లైబ్రరీలో కంప్యూటర్ కోసం వరుసలో నిలబడటం కృపామణి తర్వాతెప్పుడో చూసింది.

చివరికి తిరుపతిలోనే ఒక చిన్న ఆఫీసు నుంచి పల్లవి అనే ఆమె ఫోన్ చేసింది. "అనుభవం సంగతి పక్కనబెట్టు. నువ్వొక్కదానివే చేసిన ఆట ఒకటి శుక్రవారం తీసుకురా. అది చూసి చెప్తా."

కృపామణి పలమనేరు దగ్గర తన పల్లెకు పోయి కూర్చుంది. చలికాలం, తెల్లవారి ఎనిమిదైనా పాలకేంద్రానికి పోయే దారి కనపడదు. ఆ మంచునే ఆటగా రాసింది. దూరం పెరిగేకొద్దీ వెలుతురు ఎంత తగ్గుతుందో చదువుకున్న లెక్కే పనికొచ్చింది. మంచులో నడిచే మనిషిని కనపడని గొంతులు పిలుస్తుంటాయి. చీకట్లోనో మంచులోనో ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని ఆ పల్లెల్లో పెద్దల మాట. మనిషి కానిది మూడుసార్లు పిలవలేదట. ఆటలో నియమమూ అదే. తొందరపడి మీట నొక్కి పలికితే మంచు మింగేస్తుంది.

గొంతులన్నీ ఊరివాళ్లవే. పక్కింటి తాయమ్మ పొయ్యిమీద కూర వదిలేసి వచ్చి మరీ ఫోన్లోకి మూడుసార్లు పిలిచి పోయింది. ఆఖరి గొంతు మాత్రం నాయనది.

రెండేళ్ల కింద నాయన శాంతయ్య పాలు పోసి వస్తూ దారిలో కూలబడ్డాడు. కూలబడి కూతురికి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "కృపా... కృపా..." ఆ తర్వాత గాలి చప్పుడే. ఆమె ల్యాబ్ పరీక్షలో ఉంది. ఫోన్ బయట సంచిలో ఉంది. తిరిగి చేసేసరికి ఎవరో దారినపోయే మనిషి ఎత్తి, ప్రాణం పోయిందని చెప్పాడు.

ఆటకు మూడు పిలుపులు కావాలి. రెండోదానికి నకలు తీసి వెనక అతికించడం ఎంత పని? అతికించింది. విన్నప్పుడు మాత్రం అతుకు తెలిసిపోయింది. అదే ఊపిరి, అదే దగ్గు. బతికున్న మనిషి ఒకేలా రెండుసార్లు పిలవడు. సరిచూసుకోవడానికి బుధవారమంతా మోగిస్తూనే ఉంది. వినలేకపోయింది, ఆపలేకా పోయింది.

తలెత్తితే గడపలో చాట పట్టుకుని అమ్మ రెబెకా. ఎంతసేపటి నుంచి ఉందో.

"మీ నాయన మూడుసార్లు పిలిసినాడా పాపా?"

"లేదుమా. రెండే. మూడోది నేను అతికించినా."

"తీసెయ్. ఆయప్ప పిలవని పిలుపు ఆయప్ప నోట్లో పెట్టగాకు."

"రెండయితే పలకకూడదు కదమా."

రెబెకా చాట కింద పెట్టి లాప్‌టాప్ దగ్గరికి వంగింది. "పెట్టు."

కృపామణి మూడోది తీసేసి మోగించింది. మొదటి పిలుపుకు అమ్మ పెదాలు కదిలాయి, ప్రార్థన కాబోలు. రెండో పిలుపుకు, వంటింట్లోంచి పలికినట్టు మెల్లగా, "ఓ" అంది.

"మన మనిషికి మూడుదాకా ఏమిటికి పాపా" అని చాట ఎత్తుకుని పోయింది.

ఆ ఒక్క గొంతుకు కృపామణి నియమం మార్చింది. రెండో పిలుపుకే పలకాలి. మూడోదాని కోసం ఆగితే ఇక ఏదీ వినపడదు. చూసేవాళ్లకు అది తప్పులా కనపడుతుందనీ, ఉద్యోగం అక్కడే పోతుందనీ తెలుసు. తిరుపతి బస్సులో దారిపొడుగునా దేవుణ్ణి వేడుకుంటూనే ఉంది.

శుక్రవారం ఆఫీసులో పల్లవి మొదట మజ్జిగ ఇప్పించింది. గ్లాసు ఖాళీ అయ్యాకే ఆట తెరిచింది. ఒక్కో గొంతూ దాటుకుంటూ పోయింది. ఆఖరి గొంతు రెండుసార్లు పిలిచాక, మీట మీద వేలు పెట్టుకుని ఆగింది. తెరంతా తెల్లబడిపోయింది.

"మూడోది మోగలేదే. ఏదో తప్పు పడినట్టుండాది."

అవునక్కా, సరిచేస్తానంటే సరిపోతుంది. పది నిమిషాల పని.

"తప్పు కాదక్కా. ఆయన రెండుసార్లే పిలిచినాడు."

పల్లవి ఆమె ముఖంలోకి చూసింది. ఎవరని అడగలేదు. మళ్లీ మొదటి నుంచి ఆడి, ఈసారి రెండో పిలుపుకే మీట నొక్కింది. మంచు కొంచెం విచ్చుకుంది. దూరంగా ఒక లాంతరు వెలుగు కనిపించి, అక్కడే ఆగింది. దాన్ని పట్టుకున్న మనిషి లేడు.

"తర్వాత?"

"తర్వాతది రాయలేదక్కా. చేతకాలేదు."

"మంచు ఎవరు రాసిచ్చినారు?"

"నేనే. ఫిజిక్స్‌లో చదువుకున్న లెక్కే."

పల్లవి కోడు తెరిచి చాలాసేపు చూసింది. "చిక్కుపడిన నూలు మాదిరి ఉండాది. చానా నేర్చుకోవాల. మూడు నెలలు చూస్తాం. సోమవారం వచ్చి, ఆ కిటికీ పక్కన కూచోని, తర్వాతది రాయి."

"సరేనక్కా" అంది కృపామణి. తెరమీద వెలుగు అలాగే నిలబడి ఉంది. దాని కింద ఎవరిని నిలబెట్టాలో సోమవారానికల్లా తనకు తెలియాలి.