అంబర్ ఏల్‌కు నేనిచ్చిన అయిదు మార్కులు

కరోనా మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది వేసవికి నేను హాంబర్గ్‌లో ఒక పానీయాల దిగుమతి సంస్థలో రుచి పరీక్షల బృందానికి నాయకుణ్ణి. ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లు, ఆ కుర్చీలో కూర్చుని పదకొండేళ్లు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. పుట్టింది తెనాలి దగ్గర, చదివింది కెమిస్ట్రీ, జీతం తీసుకున్నది బీరు రుచి చూసి. ఈ మాట చెబితే మనవాళ్లలో మగవాళ్లు నన్ను ఈర్ష్యగా చూస్తారు, ఆడవాళ్లు మా ఆవిణ్ణి జాలిగా చూస్తారు. రెండూ అనవసరం. రోజుకు ఎనిమిది గ్లాసులు, ఒక్కో దాంట్లోంచి రెండు గుక్కలు, మధ్యలో గోరువెచ్చటి నీళ్లు, చప్పటి రొట్టె ముక్క. పదేళ్లు చేస్తే సెలవు రోజున ఎవరైనా బీరు పోస్తామన్నా మజ్జిగ చాలంటారు.

పని పద్ధతి కాస్త చెప్పాలి. మాది ఆరుగురి బృందం. ఒక్కొక్కరికీ పోలింగ్ బూత్ లాంటి విడి అర. రంగు చూసి మోసపోకుండా లోపల ఎర్ర దీపం వెలుగుతూ ఉంటుంది. గ్లాసు మీద సరుకు పేరుండదు, మూడంకెల నంబరుంటుంది. గంట ముందు నుంచి కాఫీ, సెంటు, సిగరెట్టు బంద్. వైన్ చూసేవాళ్లు ఉమ్మేస్తారు గానీ మేం మింగాలి. బీరులోని చేదు గొంతు దిగేటప్పుడే పూర్తిగా తెలుస్తుంది. లోపల ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేసి, కింద రెండు మూడు వాక్యాల్లో ఎందుకో రాయాలి. తర్వాత చర్చ. నాయకుడు అందరికన్నా చివర మాట్లాడాలి, లేకపోతే మిగతావాళ్లు అతని మాటకే తలూపుతారు. ఒకరి మార్కు మిగతావాళ్ల సగటుకు రెండు మార్కులకు మించి తేడాగా ఉంటే, కారణం రాసి దాన్ని పక్కన పెట్టే అధికారం నాయకుడికి ఉంది.

నెలకోసారి మా ముక్కులకే పరీక్ష పెట్టేవాళ్లం. మంచి బీరులో కావాలని చెడు వాసనల పొడి కలిపి ఇస్తారు. ఒకసారి వెన్న వాసన, ఒకసారి కుళ్లిన గుడ్డు, ఒకసారి తడిసిన అట్టపెట్టె. ఎవరు పట్టుకున్నారో, ఎవరు పట్టుకోలేదో రాసి పెడతారు. ఆ పొడి కలిపేది నేనే. ఏ గ్లాసులో ఏముందో ముందే తెలిసినవాణ్ణి గనక నన్ను పరీక్షించేవాడు లేడు. ఇది పద్ధతిలో లోపమని నాకు ఏళ్ల తరబడి తెలుసు. నాకు ఇబ్బంది రానంతకాలం నోరెత్తలేదు.

ఆ ఏడాది మే నెలలో నాకు రెండోసారి కరోనా వచ్చి, వారంలో తగ్గింది. ఒక ఆదివారం మా ఆవిడ అనసూయ పోపు చూడమని చెప్పి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మూకుట్లో మెంతులు, ఎండుమిరపకాయలు బొగ్గైపోయి ఉన్నాయి. నేను అక్కడే స్టవ్వుకు వీపు పెట్టి ఫోను చూసుకుంటున్నాను. ఆవిడ తిట్టలేదు. కళ్లు మూసుకోమని, ఇంగువ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టి, ఇదేమిటో చెప్పమంది. ఖాళీ డబ్బా అనుకున్నాను.

ఆఫీసులో చెప్పమని ఆవిడ ఆ రోజే అంది. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. కుర్చీ తీసేసి గోడౌన్ కాగితాల దగ్గర కూర్చోబెడతారు. పదకొండేళ్లుగా నా మాట కోసం ఎదురుచూసినవాళ్లు కారిడార్‌లో కనపడితే ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. నాకు ఆ పరామర్శలు అక్కర్లేదు. ముక్కు డాక్టరు దగ్గర మూడు నెలల తర్వాతకు అపాయింట్‌మెంట్ దొరికింది. అక్కడ ఒక కాగితం పుడుతుందని భయపడి దాన్నీ రద్దు చేశాను. వాసన తిరిగి వస్తుందని అనుకున్నాను. రాలేదు.

ఉద్యోగం నడిపిన తీరు సులువే. మార్కుల పత్రాలు వసూలు చేసేది నేను గనక, అందరివీ చూసి నాది చివర నింపేవాణ్ణి. అందరివీ అంటున్నాను గానీ, నిజానికి చూసింది హైమ పత్రం ఒక్కటే.

హైమావతి ఆ జూన్‌లోనే చేరింది. ఖమ్మం అమ్మాయి, ముప్ఫై ఏళ్లుంటాయి. ఫుడ్ టెక్నాలజీ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద మా లాబ్‌కు వచ్చింది. అత్తగారింట్లో ఆహార పరీక్షల లాబ్ అని మాత్రమే చెప్పిందట, బీరు సంగతి చెప్పలేదట. భర్త ఇల్మెనౌలో థీసిస్ ముగించే పనిలో ఉన్నాడు. మూడేళ్ల పాప ఆమె దగ్గరే ఉండేది. ఏడాదిపాటు వెయిటింగ్ లిస్టులో ఉంటే, పసిపిల్లల్ని పగలు చూసుకునే కిటాలో సీటు దొరికింది. ఆరు నెలల ప్రోబెజైట్, అంటే ఉద్యోగం ఖాయమయ్యే ముందు నడిచే పరీక్షాకాలం. అందులో తీసేస్తే రెండు వారాల నోటీసు చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మూడు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే కార్డు మీదికి వస్తుంది. ఇవన్నీ నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ల కిందట ఇలాంటి కాగితాలు పట్టుకుని నేనూ వరసల్లో నిలబడ్డవాణ్ణే.

ముక్కంటే ఆ అమ్మాయిది. నెలవారీ పరీక్షల్లో ఒక్కటీ తప్పలేదు. పొడి మోతాదు సగానికి తగ్గించి చూశాను, అప్పుడూ పట్టేసింది. ఆ నాలుగు నెలలూ సంస్థలో నా పేరు నిలబెట్టింది ఆమే, ఆమెకు తెలియకుండా. అలాగే అనుకున్నాను.

అక్టోబరులో ఉత్తర ఫ్రాన్సు నుంచి అంబర్ ఏల్ లారీ వచ్చింది. ఆ బీరు నాకు కొట్టిన పిండి, పదిహేనేళ్లుగా చూస్తున్నాను. మొలకెత్తిన బార్లీని ముదురుగా వేయించిన మాల్టుతో చేస్తారు. ముందు రొట్టె అంచు మాడీ మాడని వాసన, వెనకాలే కారమెల్, ఇంకాస్త లోపల ఎండు ఆప్రికాట్, చివర మట్టి వాసనతో మెత్తటి చేదు. అందులో వచ్చే పెద్ద జబ్బు గాలి. సీసా నింపేటప్పుడు గాలి చొరబడితే కొన్ని వారాల్లో తడి అట్ట వాసన మొదలవుతుంది. కారమెల్ దాన్ని కొంతకాలం కప్పేస్తుంది గనక అలవాటు లేని ముక్కుకు దొరకదు.

ఆ సరుకు పెద్ద దుకాణాల గొలుసుకు వెళ్లాల్సింది. అందుకని మా విభాగాధిపతి స్వయంగా వచ్చి కూర్చుంది. కొలిచినట్టు మాట్లాడే జర్మన్ మనిషి. ఈసారి పత్రాలు తానే తీసుకుంటానంది. ఇక ఎవరి పత్రమూ చూసే వీల్లేదు. వాసన పోయాక మొదటిసారి నా పత్రం నేను నింపాలి.

గ్లాసు ఎత్తి గుక్క మింగాను. ముక్కు పోయినవాడికి బీరులో మిగిలేవి రెండే, నాలుక మీద నురగ చురుకు, గొంతులో చేదు. ఇంకా ఏదైనా తగులుతుందేమోనని రెండో గుక్క తీసుకున్నాను. ఒట్టి చేదు, కాస్త చక్కెర నీళ్లు. అయిదు మార్కులు వేసి, కింద పదిహేనేళ్ల జ్ఞాపకంలోంచి రాశాను: రాగి రంగు, రొట్టె అంచు, కారమెల్, ఎండు ఆప్రికాట్, చివర మెత్తటి చేదు. ఒక్క అక్షరం కొట్టివేయలేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

విభాగాధిపతి పత్రాలు బల్ల మీద పరిచింది. మూడు నాలుగులు, ఒక మూడు, నా అయిదు. ఆ మూడు వేసినతను గోడౌన్ నుంచి వచ్చేవాడు, పక్కన 'కాగితం?' అని ప్రశ్నార్థకం పెట్టాడు. చివరిది హైమది. ఒకటి. కింద 'తడి అట్ట, బలంగా. విడుదల చేయరాదు' అని రాసి ఉంది.

ఆ క్షణంలో నాకేం తెలియలేదని రాస్తే ఈ జ్ఞాపకం రాయడం దండగ. ఆమె పత్రం చూడగానే సరుకు చెడిందని నాకు తెలిసిపోయింది. కానీ హైమ వేసిన ఒకటి నిలబడితే నా అయిదు నిలబడదు. తడి అట్ట మేం కొత్తవాళ్లకు మొదటి వారం నేర్పే వాసన. దాన్ని బృంద నాయకుడు ఎలా వదిలేశాడని అడుగుతారు.

నేను అందరికన్నా ముందు మాట్లాడాను. ఈ రకం ఏల్ గురించి పది నిమిషాలు పాఠం చెప్పాను. గోడౌన్ అతను తన ప్రశ్నార్థకం వెనక్కి తీసుకున్నాడు. హైమ మెల్లగా ఒక్కటే అడిగింది, పాత సరుకు సీసా తెచ్చి మూడు గ్లాసుల పరీక్ష పెడదామని. రెండు గ్లాసుల్లో కొత్తది, ఒకదాంట్లో పాతది పోసి వేరేదాన్ని పట్టుకోమనే పరీక్ష అది. సరైన పద్ధతి. టైము లేదన్నాను. ఆమె మార్కు పక్కన పెట్టి, కారణం దగ్గర 'అనుభవ లేమి' అని రాశాను.

తర్వాత కారిడార్‌లో తెలుగులో బుజ్జగించాను కూడా. మన ఇళ్లలో ఇవి తాగే అలవాటు లేదు కదమ్మా, మాడిన కారమెల్‌ను చూసి అట్ట అనుకున్నావు అన్నాను. దానికి ఆమె, జూన్ వానలో తడిసిన పుస్తకం అట్టను బడికెళ్లాక తెరిస్తే వచ్చే వాసనండీ, దాని దగ్గర పొరబడనండీ అంది. ఇక్కడ అలాంటి కబుర్లు పనికిరావన్నాను.

నవంబరులో ఆమె ప్రోబెజైట్ మీద నన్ను అభిప్రాయం అడిగారు. శ్రద్ధ ఉంది, తీర్పులో నిలకడ లేదు అని రాశాను. ఆమె ఆ బృందంలో ఉంటే ఏదో ఒక రోజు మళ్లీ ఇలాంటిదే జరుగుతుందని నాకు తెలుసు. వారంలో ఆమెకు క్యూండిగుంగ్ ఇచ్చారు. ఉద్యోగం తీసేసే కాగితానికి ఇక్కడి పేరు.

ఆఫీసుకు వచ్చిన చివరి రోజు లాకర్ తాళం ఇవ్వడానికి నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ పత్రంలో రాగి రంగు అని రాశారు సర్. ఎర్ర లైటు కింద రంగు కనపడదు."

నేను లాకర్ల రిజిస్టరు తెరిచి ఆమె పేరు వెతికాను.

"నాకు ఆగస్టు నుంచీ తెలుసు. ఒకరోజు మీ బాక్సులో పప్పు పులిసిపోయింది. బల్లకు ఆ చివర కూర్చున్న నాకే వాసన కొట్టింది. మీరు మొత్తం తిన్నారు."

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"మీరే చెప్తారనుకున్నాను సర్," అని తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మిగిలిన సెలవులు వాడుకుంటూ వెళ్తోంది గనక ఆమె నోటీసు గడువు ఇంకా ముగియలేదు. విభాగాధిపతి గది రెండు తలుపుల అవతల ఉంది. నేను వెళ్లలేదు.

డిసెంబరులో దుకాణాల నుంచి సీసాలు తిరిగొచ్చాయి. ప్రతి సరుకులోంచీ కొన్ని సీసాలు చల్లగదిలో దాచి ఉంచుతాం. వాటిని బయటి లాబ్‌కు పంపితే సీసాలో గాలి, తడి అట్ట అని తేలింది. విభాగాధిపతి పాత పత్రాలు తిరగేసి, ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పిందే అంది. తర్వాత ఫైలు మూసి, ఎంత అనుభవజ్ఞులైనా ఒక్కోసారి జరుగుతుంది హెర్ రావు అంది. అప్పుడు కూడా తలూపి ఊరుకున్నాను. తప్పు బాట్లింగ్‌దని రాసుకుని అందరూ చేతులు దులుపుకున్నారు. మరుసటి ఏడాది నన్ను పూలగుచ్ఛంతో సాగనంపారు.

రిటైరయ్యాక జరిగినదంతా సంస్థకు ఉత్తరం రాశాను. చెప్పినందుకు ధన్యవాదాలు, వ్యవహారం ముగిసిపోయింది అని జవాబు వచ్చింది. హైమకు కైసర్స్‌లౌటర్న్‌లో ఏదో లాబ్‌లో పని దొరికిందని, కిటా సీటు వదులుకుని పాపను తీసుకుని వెళ్లిందని ఎవరో చెప్పారు. ఆమెకూ రాశాను. జవాబు రాలేదు, అడిగే మొహం నాకు లేదు. వాసన ఇప్పటికీ తిరిగి రాలేదు. అనసూయ అన్నం వడ్డించే ముందు ప్రతిదీ తానే వాసన చూస్తుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ల కోసం ఒక విషయం రాసి ముగిస్తాను. మా మార్కుల పత్రంలో పేరు పక్కన ఒక చిన్న గడి ఉంటుంది. ఈరోజు రుచి చూసే స్థితిలో లేను అని దాని అర్థం. జలుబు చేసినా, పన్ను నొప్పి పెట్టినా అందులో టిక్కు పెట్టి లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ కారణం అడగరు. కిటా నుంచి పాప తెచ్చిన జలుబు తనకూ అంటుకున్నప్పుడు హైమ రెండుసార్లు ఆ గడిలో టిక్కు పెట్టింది. నా అభిప్రాయ పత్రంలో ఆ రెండు టిక్కులనూ ఆమె లోపాల కింద రాశాను. వాసన పోయిన ఏడాదిన్నరలో నేను ఒక్కసారీ టిక్కు పెట్టలేదు, హాజరు నూటికి నూరు. మీ బృందంలో ఎవరిని ముందు పరీక్షించాలో తెలియకపోతే, ఆ గడిని ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవాడితో మొదలుపెట్టండి.