వదిన లెక్కపెట్టిన సినిమా ఓట్లు

మొన్న ఆదివారం తిరుపతిలో మా ఇంట్లో భోజనాలు కాగానే మా అమ్మాయీ అల్లుడూ పోట్లాటకు దిగారు. సినిమాల గురించి. ఏదో వెబ్‌సైటు వాళ్లు గడిచిన ఏడాది వచ్చిన సినిమాల్లో పది గొప్పవేవో జనం ఓట్లతో తేల్చి వరసలో పెట్టారట. అల్లుడు మెచ్చిన సినిమా రెండో స్థానంలో కూర్చుంది. మా అమ్మాయి మెచ్చినది ఏడులో పడింది. "ఏడంట నాయనా, ఏడు!" అంటూ అది ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది, ఆ ఏడుకు నేనే పూచీ అన్నట్టు. అల్లుడు తాపీగా తమలపాకు ఈనె తీస్తూ, "ఓటేసినోళ్లలో సగం మంది ఆ సినిమాలు చూసే ఉండరు మామా. వాళ్ల హీరో పేరు కనబడితే నొక్కేసుంటారు" అన్నాడు. ఆ మాట వినగానే చిత్తూరులో మా వదిన గుర్తొచ్చింది. వాళ్లిద్దరి తగవు తీర్చడం మానేసి నేను చాలాసేపు వదిన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

పదేళ్లు దాటింది. నన్ను చిత్తూరు జూనియర్ కాలేజీకి బదిలీ చేశారు. పిల్లల చదువులు తిరుపతిలో ఉన్నందున సంసారాన్ని కదిలించలేక, కట్టమంచిలో ఉన్న మా అన్న ఇంట్లో మకాం పెట్టాను. మా అన్న బెల్లం మండీలో గుమస్తా. ఆయన సాయంత్రం ఇంటికొస్తే చొక్కా నుంచి కూడా తియ్యటి పాకం వాసన వచ్చేది. సినిమా అనేది తన పెళ్లికి ముందే ముగిసిపోయిందని, ఆ తర్వాత వచ్చేవన్నీ వట్టి అరుపులేనని ఆయన గట్టి నమ్మకం. అలాంటి మనిషి భార్య ఊళ్లోని ఒక సినిమా హాల్లో ఆడవాళ్ల కౌంటర్లో టికెట్లు ఇచ్చేది. వదినది గుడియాత్తం పక్క పల్లె. మాటల మధ్యలో అరవం దొర్లుతుంది. పొట్టి మనిషి, చిన్న కళ్లు, గట్టి గొంతు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇనుప ఊచల వెనకాల కూర్చుంది కనుక ఊళ్లో ఆడవాళ్లను మొహాన్ని బట్టి కాకుండా గాజుల్ని బట్టి గుర్తుపట్టేది. ఒకసారి నాతో బజారుకొచ్చి, కూరగాయల దగ్గర ఒకావిడ చేతిని చూసి, "ఏమ్మా, పోయిన వారం అయిదు టికెట్లు దీస్కున్నావే, బాగుండిందా?" అని అడిగేసరికి ఆవిడ బిత్తరపోయింది.

ఇందులో అందరికీ వింతగా తోచే సంగతి ఒకటుంది. వదిన సినిమాలు చూడదు. ఆట మొదలయ్యాక కూడా ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం విశ్రాంతి దాకా కౌంటర్లో ఉండాలి. అమ్మిన టికెట్ల లెక్క మేనేజరుకు అప్పజెప్పేసరికి తర్వాతి ఆటకు జనం వచ్చేస్తారు. ఇంటికొస్తే వంట. కానీ ఆమె గోడకు అవతలే తెర. మాటలూ పాటలూ అన్నీ వినబడేవి. బొమ్మ మాత్రం లేదు. మూడో రోజుకల్లా డైలాగులన్నీ ఆమెకు కంఠతా వచ్చేవి. అన్నం వడ్డిస్తూ విలన్ మాటలు అప్పజెప్పేది. ఎవరు ఎవర్ని అంటున్నారో మాత్రం ఆమెకు తెలియదు. కౌంటర్‌కు పక్కన ఒక చిన్న కిటికీ ఉంది. ఆట వదలగానే జనం మెట్లు దిగి ఆ కిటికీ ముందు నుంచే వెళ్లాలి. వదిన ఆ కాసేపు నీళ్ల సీసా మూత తిప్పుతూ, ఆ దిగేవాళ్లను చూస్తూ కూర్చునేది.

ఆ హాలుకు ఒక ఆనవాయితీ ఉండేది. డిసెంబరు నెలలో గేటు పక్కన ఒక అట్టపెట్టె పెట్టేవాళ్లు. జనం ఆ ఏడాది తమకు నచ్చిన సినిమాల పేర్లు చీటీల మీద రాసి అందులో వేయాలి. ఏడాది చివర్లో లెక్కపెట్టి, పది సినిమాలు వరసగా బోర్డు మీద రాస్తారు. బహుమతి లేదు, ఏమీ లేదు. అయినా ఊళ్లో రెండు అభిమాన సంఘాలకు అది ఎన్నికల కంటే ఎక్కువ. ఒక సంఘానికి పెద్ద, బైకులు బాగుచేసే మెకానిక్. ఇంకొక సంఘానికి సెల్‌ఫోన్ షాపు నడిపే కుర్రవాడు. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టారు, ఒకే బడిలో చదివారు. హీరోలు మాత్రం వేరు.

ఓట్లు లెక్కపెట్టే పని మేనేజరు వదినకే అప్పగించాడు, ఆమెకు ఏ హీరో మీదా మోజు లేదని. నేను వెళ్లిన ఏడాది ఆమె నన్ను సాయం కూర్చోబెట్టుకుంది. వంటింటి ముందు చాప మీద చీటీలు కుప్ప పోశాం. ఒక పెద్ద కట్ట మొత్తం ఒకటే ఆకుపచ్చ ఇంకు, ఒకటే చేతిరాత, ఒకటే హీరో. ఇంకొక కట్ట మొత్తం సెల్‌ఫోన్ షాపు రసీదు పుస్తకం కాగితాలే. మా అన్న మంచం మీద నుంచి తొంగి చూసి "ఇదేనా మీ ప్రజాస్వామ్యం" అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. వదిన నవ్వలేదు. కాసేపు చీటీల్ని చూసి, అన్నీ మళ్లీ సంచీలోకి తోసేసింది.

"ఇవి సెల్లవు మరిదీ. మళ్లీ రాయించాల. ఈసారి మూడు సినిమాలు రాయాల, వరసగా. ఒక్కోదాంట్లో ఏం నచ్చిందో ఒక ముక్క రాయాల. సూడకుండా ఏసినోడికి ఆ ముక్క యాడ్నించి వస్తాది?" అంది.

మర్నాడే బోర్డు మీద ఆ మాట రాసింది. చీటీలు సగానికి సగం తగ్గిపోయాయి గానీ, వచ్చినవి చదువుతుంటే నాకు తరగతిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు ఎన్నడూ కలగని ఆనందం కలిగింది. ఒకరు ఫలానా పాటలో హీరోయిన్ కట్టుకున్న చీర రంగు నచ్చిందని రాశారు. ఒకరు హీరో తన చెల్లెల్ని కొట్టకుండా ఊరుకున్న చోటు నచ్చిందని రాశారు. అరవంలో రాసిన చీటీలు వదిన గట్టిగా చదివి నాకు చెప్పింది. ఇంతా చేస్తే మొదటి రెండు స్థానాలూ ఆ ఇద్దరు హీరోలవే. మొదటిది ఫోన్ షాపు వాళ్లది, రెండోది మెకానిక్‌ వాళ్లది. మూడులో మాత్రం ఎవరూ ఊహించని సినిమా వచ్చింది. పాల వ్యాను నడిపే ఒక నడివయసు మనిషి, మాట పడిపోయిన తండ్రిని రోజూ పక్కన కూర్చోబెట్టుకుని పాలు పోసే కథ. మా హాల్లో ఒక్క వారం ఆడింది, అదీ ఖాళీ కుర్చీలకు. చూసిన ఆ కొద్దిమందీ మాత్రం తప్పకుండా దాని పేరు రాశారు.

ఈ సంగతి బయటికి పొక్కింది. ఆదివారం పొద్దున సైకిల్ స్టాండు నీడలో నలభై మంది దాకా చేరారు. మెకానిక్ చేతులకు ఇంకా గ్రీజు ఉంది. "రెండో స్థానమా అక్కా? మాదా?" అని వచ్చాడు. ఫోన్ షాపు అబ్బాయి గెలిచి కూడా కోపంగానే ఉన్నాడు. "ఆ పాల వ్యాను సినిమా మా పక్కన రాయడమేంది? దాన్ని ఎవురు సూసినారు?" అన్నాడు. అరుపులు పెరిగాయి. ఒకడు ఇంకొకడి హీరో నడకను వెక్కిరించాడు. చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లింది. వదిన కౌంటర్లోంచి బయటికొచ్చి, "సుమ్మనే ఉండండప్పా! ఒక్కొక్కరు మాట్లాడండి. ముందు ఎదుటోళ్ల సినిమాలో ఏం బాగుండాదో సెప్పి, ఆ తర్వాత తిట్టండి" అంది.

ఇది వాళ్లకు చాలా కష్టమైంది. మెకానిక్ చాలాసేపు తల గోక్కుని, "వర్షంలో ఫైటు బాగుండాది" అని పళ్ల మధ్య నుంచి అన్నాడు. అంతలో వెనక నుంచి ఎవరో అడిగారు: "ఇంతకీ నువ్వెన్ని సూసినావక్కా?"

వదిన దాచలేదు. "ఒక్కటీ సూళ్లేదు" అంది.

అందరూ గొల్లుమన్నారు. "సినిమా సూడని మనిషా మనకు మార్కులేసేది!" అని ఒకడు ఈల వేశాడు. నాకు ఒళ్లు మండింది. ముందుకు అడుగేశాను. వదిన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. ఆమె మొహం ఎర్రబడింది.

"సినిమాలు సూళ్లేదు. సూసి బయటికొచ్చినోళ్లని సూసినా. ఇరవై ఏండ్లుగా అదే సూస్తా ఉండా," అంది. మెకానిక్ వైపు తిరిగి, "మీ సినిమాకి మొదటి రోజు ఎగరేసిన కాగితాలు ఊడ్సేదానికి ముగ్గురు పట్టినారు. మూడో రోజు సూస్తే నువ్వూ మీ ఇద్దురు తమ్ముళ్లే మళ్లీ వస్తా ఉండారు" అంది. ఫోన్ షాపు అబ్బాయితో, "మీ సినిమాకి ఆడోళ్లు మజ్జెలో బయటికొచ్చి బిడ్డల్ని ఆడించుకుంటా కూసున్నారు, పాట రాంగానే లోపలికి పోయినారు. అయినా మీ రెండు సినిమాలకీ కూలికి పోయొచ్చినోళ్లు నగుకుంటా మెట్లు దిగినారప్పా. అదేమన్నా సిన్న పనా? అందుకే వాళ్లు ఓట్లేసినారు" అంది. ఆ తర్వాత అందరి వైపూ తిరిగింది. "ఆ పాల వ్యాను సినిమాకి ఒక లారీ డ్రైవరు వచ్చినాడు. బయటికొచ్చి ఈ ఊసలు పట్టుకోని నిలబడినాడు. నీళ్లడిగినాడు. తాగి, 'అక్కా, మొలకలచెరువుకి ఇప్పుడు బస్సుండాదా' అన్నాడు. వాళ్ల నాయన ఆడ ఉండాడంట. మూడు దినాలకి ఆ ముసలాయన్ని ఎంటబెట్టుకోని మళ్లీ వచ్చినాడు. నేను సూసింది ఇదీ. మీలో ఎవురన్నా ఆ సినిమా సూసింటే, అది మూడో దానికి తగదని సెప్పండి. దాని పేరు కొట్టేస్తా."

వాళ్లలో ఎవరైనా చూసి ఉంటే కదా. చివరికి మెకానికే, "అయితే సూపించు" అన్నాడు. ఫోన్ షాపు అబ్బాయి అందుకుని, "నువ్వూ మాతో కూసోని సూడాల. అప్పుడే బోర్డు రాసేది" అన్నాడు. మేనేజరు పంపిణీదారుతో మాట్లాడి, గురువారం పొద్దుటాటకు ఆ సినిమా తెప్పించాడు. వదిన బదులు కౌంటర్లో, కాలేజీకి సెలవు పెట్టి, నేను కూర్చోవలసి వచ్చింది. టికెట్లు ఇచ్చే రంధ్రంలోంచి చేతులు తప్ప ఏమీ కనబడవని నాకు అప్పుడే తెలిసింది. బాల్కనీ అడిగినవాళ్లకు కింద టికెట్లు, కింద అడిగినవాళ్లకు బాల్కనీ ఇచ్చాను. ఒకావిడ వంగి లోపలికి చూసి, "ఆడోళ్ల కౌంటర్లో మొగోడేందబ్బా?" అని కేకలేసింది. వదిన ఆ రోజు పట్టుచీర కట్టుకుని వచ్చింది. నా ముందు నుంచే నడిచి, పెళ్లికి వెళుతున్నట్టు లోపలికి వెళ్లింది.

ఆట వదిలాక ముందుగా మెకానిక్ బయటికొచ్చాడు. బైకు స్టార్టు చేసి, మళ్లీ ఆపేసి, దాని మీదే కూర్చుండిపోయాడు. అందరూ దిగాక వదిన నిదానంగా దిగింది. ఎలా ఉందని అడిగాను. "బాగుండాది మరిదీ. ముసలాయన బాగా సేసినాడు. ఇంటర్వెల్ అయినాక రొంత సాగదీసినారు" అంది. నాలుగు రోజుల కిందట ఆ సినిమా కోసం కొట్లాడిన మనిషి అంత తూకంగా మాట్లాడేసరికి నేను తెల్లబోయాను.

అప్పుడు మెకానిక్ వచ్చాడు. "అక్కా, మా హీరో సినిమాని మూడుకి దించెయ్. దీన్ని రెండుకి ఎక్కించు" అన్నాడు. అతని సంఘం వాళ్లే "అన్నా!" అని అరిచారు. అతను వెనక్కి తిరగలేదు. వదిన ఒప్పుకోలేదు. "నువ్వు దించితే దిగేదానికీ, ఎక్కిస్తే ఎక్కేదానికీ ఇది మీ మెకానిక్ షెడ్డు కాదు. శనివారం దాకా టైముండాది. కావాలంటే నీ సీటీ నువ్వు మార్సుకో" అంది. అతను చీటీ అడిగాడు. ఏం నచ్చిందో రాయవలసిన చోట చాలాసేపు పెన్ను ఆడించి, "నాయన చేతికి పాల చెంబు ఇచ్చేది" అని రాశాడు. అతని వెనకాలే ఫోన్ షాపు అబ్బాయి నిలబడ్డాడు. తన మొదటి స్థానం మార్చలేదు, అంత త్యాగం అతనివల్ల కాలేదు. కానీ రెండులో పాల వ్యాను రాశాడు. మిగతావాళ్లు వరసకట్టారు. శనివారం వదిన మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. ఆ చిన్న సినిమా రెండో స్థానానికి ఎక్కింది, చాలా స్వల్పమైన తేడాతో. ఎక్కడైనా తప్పు పోయిందేమోనని ఆమె నాచేత కూడా మూడుసార్లు లెక్కపెట్టించింది.

"నీ ఓటు వెయ్యలేదే వదినా, ఇప్పుడు చూశావుగా" అన్నాను. "సూసింది ఒక్కటే గదా. పోల్సేదానికి రెండోది యాడుండాది?" అంది, చీటీలకు రబ్బరు బ్యాండు వేస్తూ. ఫలితం కోసం వచ్చినవాళ్లలో ఎవరో ఈ మాట విన్నారు. మర్నాటి నుంచి రెండు సంఘాల వాళ్లూ ఆమెకు తమ సినిమా చూపించాలని పోటీ పడ్డారు. మేనేజరు చేతులెత్తేసి ప్రతి మంగళవారం పొద్దుటాటకు ఆమెకు సెలవిచ్చాడు. మూడేళ్లకు నేను మళ్లీ బదిలీ అయ్యేలోపు ఆమె ఎన్నో సినిమాలు చూసింది. ప్రతిదానికీ ఒక మంచి మాట ముందు చెప్పి, ఆ తర్వాతే తిట్టేది.

ఇప్పుడు ఆ హాలును కోసి మూడు చిన్న హాళ్లు చేశారు. టికెట్లు ఫోన్లోనే. కౌంటర్ లేదు, అట్టపెట్టె లేదు. వదిన మోకాళ్ల నొప్పులతో ఇంటి పట్టునే ఉంటోంది. అయినా మంగళవారం పక్కింటావిడను తోడు తీసుకుని వెళుతుందని అన్న ఫోన్లో గొణుగుతుంటాడు. మొన్న సాయంత్రం ఆమెకు ఫోను చేసి వెబ్‌సైటు సంగతి, అమ్మాయి కోపం సంగతి చెప్పాను. "ఆ ఏడో సినిమా పేరేంది? రాసుకుంటా, సెప్పు" అని పెన్ను వెతుక్కుంది.

నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. వాటిలో చాలా ఏళ్లు ఏది ముందో ఏది వెనకో తెలియకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిత్తూరులో ఆ చాప మీద కూర్చుని చీటీలు చదివిన మూడేళ్లు మాత్రం దేనికది విడివిడిగా నిలిచి ఉన్నాయి. బహుశా మనిషికి చివరకు మిగిలే కాలం, ఎవరి పక్కనో కూర్చుని శ్రద్ధగా చూసినంత మేరకేనేమో.