నాయిన అడిగిన మొగులు

మనవరాలు గోదావరి మీద కమ్ముకున్న మబ్బుల బొమ్మ వేసింది. నల్ల మబ్బులు దిగులుగా ఉన్నాయని ఎవరో అన్నారట, చెరిపేయబోయింది. చెయ్యి పట్టి ఆపాను. నాకు అక్షరం రాదు, నేను చెబుతుంటే ఇదంతా తనే రాస్తోంది.

ఖని క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లారా, గోడల మీద బొగ్గుతో గీసి తన్నులు తిన్నది గుర్తుందా? మా నాయిన మాత్రం కొట్టేవాడు కాదు. బొగ్గుబాయి నుంచి వచ్చి, ఒళ్లు కడగకముందే అడిగేవాడు.

"నేను కిందున్నప్పుడు మొగులు ఎట్లుండె బిడ్డా?"

ఆనాటి ఆకాశాన్ని గోడ మీద గీసి చూపేదాన్ని. వానమబ్బయితే బొగ్గును అడ్డంగా రుద్దేదాన్ని.

"గింత నలుపా? ఇగ ఊళ్లె నాట్లు పడ్డట్టే" అని మురిసిపోయేవాడు. దిగులట! వాళ్లకేం తెలుసు.

ఒకరోజు మబ్బు గీసి ఎదురుచూశాను. బాయిలో కప్పు కూలి నాయిన పోయాడు. పదకొండో దినానికి ఇంటికి సున్నం వేస్తూ, ఆ గోడ దగ్గర అమ్మ ఆగిపోయింది.

"ఇది నాయిన చూడలేదే" అన్నాను.

"నువ్వే పుయ్యి బిడ్డా, నాతోని కాదు" అంది.

పూశాను. సున్నం తడిగా ఉన్నంతసేపు మబ్బు కనిపిస్తూనే ఉంది. అది ఆరి తెల్లబడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.