టీవీకి సలహా చెప్పిన గొర్ల తాత

నేరేడుచర్లలో మా పక్కింటి గొర్ల తాత టీవీలోని వాళ్లకు కూడా సలహాలు చెప్పేవాడు. అమ్మ పోయి నేను చిన్నమ్మ ఇంటికి వచ్చిన కొత్తలో సంగతి ఇది. ఆమెకూ నాకూ ఒకరంటే ఒకరికి బెరుకే.

ఓ ఆదివారం చిన్నమ్మా నేనూ తాతా కలిసి అంతరిక్ష సీరియల్ చూస్తున్నాం. తల్లిలేని వింత జంతువు పిల్లను మరో తల్లికి అలవాటు చేయలేక వ్యోమనౌకలో శాస్త్రవేత్త తంటాలు పడుతున్నాడు. ఆ తల్లి తన్నినప్పుడల్లా మేం పడీపడీ నవ్వుతున్నాం. తాత మాత్రం నవ్వలేదు.

"గట్ల గాదు బిడ్డా! ఆ తల్లి పాలే పిల్ల ఒంటికి రుద్దు. తన వాసనొస్తే దగ్గరికి తీస్తది. మా గొర్లకు గట్లనే చేస్తం."

చిన్నమ్మ నవ్వడం ఆపి నావైపు చూసింది.

ఆ కథ ఎలా ముగిసిందో గుర్తులేదు. ఆ రోజు నుంచి రాత్రుళ్లు నేను కప్పుకున్నది మాత్రం చిన్నమ్మ కట్టి విడిచిన చీర.