భజన గుడిసె మట్టి, తోలు బూట్లు

మా ఆయన మట్టి పొయ్యి అంచు విరుచుకుని తింటుంటే నేను మొదట నవ్వాను. చెరుకు కొట్టి కూలీ లైన్లకు, అంటే మా వరస గదులకు, తిరిగొచ్చిన సాయంత్రం అది. కొన్నాళ్లుగా పొయ్యి అరిగిపోతుంటే ఎలుకల పని అనుకుంటున్నాను. తీరా చూస్తే ఈయన.

"ఏటి మావా, ఎన్నో నెల నీకు?" అన్నాను. మట్టి మీద యావ కడుపుతో ఉన్న ఆడవాళ్లకే కదా! ఆయన సిగ్గుపడి నోరు తుడుచుకున్నాడు. దీపం దగ్గరికి లాగి నాలుక చూశాను. సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఇక నాకు నవ్వు రాలేదు.

అప్పుడు మేమిద్దరం ఫిజీలో లబాసా దగ్గరి చెరుకు తోటలో గిర్మిట్ కింద పనిచేస్తున్నాం. గిర్మిట్ అంటే ఐదేళ్ల ఒప్పందపు కూలి. ఆయనకు నాలుగు గెడలు కొట్టేసరికి ఆయాసం వచ్చేది. మా మీద పని చేయించే సర్దారు దాన్ని బద్ధకం అన్నాడు. నిజం చెప్పాలంటే ఒకటి రెండుసార్లు నేనూ అన్నాను.

ఆస్పత్రిలో తెల్లడాక్టరు ఆయన కనురెప్ప కిందికి లాగి చూసి "ఎనీమియా" అన్నాడు. మలం తీసుకుని మైక్రోస్కోప్‌లో చూశారు. దొర మాట మాకు తెలుగులో చెప్పేది కాంపౌండరే. "హుక్‌వర్మ్ అమ్మా. కడుపులో పురుగులు చేరి రక్తం తాగుతున్నాయి" అన్నాడు. ఒక పూట పస్తు పెట్టి, థైమాల్ అనే ఘాటు మందు మింగించి, పైన విరేచనాలకు సాల్ట్ తాగించారు. ఆయన కళ్లు తిరిగి మంచానికి అతుక్కుపోయాడు. కొన్ని వారాలకు పెదవులకు కాస్త రంగు వచ్చింది.

డాక్టరు మాత్రం "అన్‌ఫిట్" అని రాసేశాడు. ఆయన గిర్మిట్ రద్దయింది. ఓడ ఎక్కించి ఇంటికి పంపిస్తామన్నారు. "నీ గిర్మిట్ తీరనీ. ఇద్దరం కలిసే ఎల్దుం" అన్నాడు ఆయన. అప్పటిదాకా ఆయన బతికుండాలి. నేను కోరుకున్నది అంతే. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు డాక్టరు ఒక పాత తోలు బూట్ల జత ఇచ్చి "బూట్స్, ఎవ్రీ డే" అన్నాడు. "రోజూ తొడుక్కోవాల, సమ్‌ఝా?" అని కాంపౌండరు అడిగాడు. ఎందుకో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇద్దరం తల ఊపి వచ్చేశాం.

నేను పొద్దున్నే చెరుకులోకి పోతే ఆయన గడపలో కూర్చునేవాడు. "ఏం పింఛనుదారుగారూ, భోంచేశారా?" అని ఏడిపించేదాన్ని. పైకి నవ్వేవాడు కానీ లోపల కుమిలిపోయేవాడు. పక్క ఊరి ఫిజీ ముసలామె దగ్గర కొబ్బరాకు బుట్టలు అల్లడం నేర్చుకున్నాడు. ఆయన అల్లిన బుట్టలన్నీ ఒక పక్కకే ఒరిగేవి. తర్వాత డప్పు పట్టాడు. ఊపిరి చాలక ఆపేశాడు. పనికి పోయే తల్లుల పసిపిల్లల్ని తనే అడిగి చూసుకున్నాడు. మగాడికి ఇదేం పని అని లైన్లంతా నవ్వినా పట్టించుకోలేదు. ఒకరోజు ఒక పిల్లవాడు కాలువ వైపు పరిగెత్తితే ఆయన పట్టుకోలేకపోయాడు. వేరెవరో పట్టుకున్నారు. మర్నాటి నుంచి తల్లులు పిల్లల్ని తీసుకురావడం మానేశారు.

ఆ సమయంలోనే లైన్లవాళ్లు ఆదివారాలు రాముడి భజన గుడిసె కట్టుకుందామన్నారు. "మట్టి నాను తొక్కుతాను" అని మా ఆయన ముందుకొచ్చాడు. లైన్ల వెనక కాలువ మట్టి మంచి జిగురు. బూట్లు గట్టున విడిచి అందులో దిగాడు.

"డాక్టరు తియ్యొద్దన్నాడు కదా?"

"ఆవు తోలు కాళ్లకేసుకుని రావుడి మట్టి తొక్కుతానేటే? పాపం కాదా?"

నాకూ అది సబబే అనిపించింది. మోకాళ్లదాకా బురదతో, పాడుకుంటూ ఇంటికొచ్చేవాడు. అడిగి మరీ రెండో ముద్ద తినేవాడు. మా ఆయన మళ్లీ మనిషయ్యాడని నేను మురిసిపోయాను.

కాలి వేళ్ల మధ్య దురద మొదలైతే బురదపొక్కులే అనుకున్నాం. కొన్ని నెలలకు పొయ్యి అంచు మళ్లీ అరగడం మొదలైంది. నేను దాని ముందు కూలబడి ఏడ్చాను.

"అగైన్?" అన్నాడు డాక్టరు. కాంపౌండరు కోప్పడ్డాడు. "ఆ పురుగు పాదంలోంచే ఎక్కుతుంది! జనం దొడ్డికెళ్లే చోట తడి మట్టిలో ఉంటుంది. బూట్లు కాహే, ఎందుకు తీశావు?" మేమంతా చెంబు పట్టుకుని పోయేది ఆ కాలువ పైగట్టుకే. కానీ తోలు సంగతి, రాముడి సంగతి దొరకు ఏమని చెప్తాం? నవ్వుతాడని నోరు మూసుకున్నాం.

మళ్లీ థైమాల్. కాస్త లేవగానే ఆయన, పురుగు ఎక్కుతుందని మిగతావాళ్లందరినీ కాలువ దగ్గరికి రావద్దన్నాడు. గుడిసెకు ఇంకా మిగిలిన అరుగు మట్టి తనొక్కడే తొక్కుతానన్నాడు.

"చచ్చిపోతావు మావా!"

"పట్టీసినోడిని మళ్లీ పట్టీదేటే? ఊరికే కూకుంటే మరీ బేగి సచ్చిపోతాను."

నేను తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. నేను పనికి పోయాక వెళ్లి తొక్కేవాడు. అరుగు పూర్తయింది. మొదటి భజన నాటికి ఆయన నిలబడలేడు. స్తంభానికి ఆనుకుని పెదవులు మాత్రం కదిపాడు.

కాళ్లు వాచాయి, ముఖం వాచింది. లైన్లవాళ్లు ఆస్పత్రికి మోసుకుపోయారు. "హార్ట్ వీక్. నో థైమాల్" అన్నాడు డాక్టరు. ఆ మందు ఇస్తే గుండె ఆగుతుందట, ఇవ్వకపోయినా ఆగుతుందట. ఇవ్వలేదు. ఆగింది.

ఆయన బట్టల మూట నాకు ఇస్తూ కాంపౌండరు బూట్లు తిప్పి చూశాడు. అడుగు పెద్దగా అరగనే లేదు. "ఇంతకీ ఎందుకు తీసేవాడమ్మా?" అన్నాడు. ఇక దాచడానికి ఏముంది? "తోలు కదా బాబూ. రావుడి పని" అన్నాను. అతను లోపలికి వెళ్లి ఒక రబ్బరు బూట్ల జత తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇవి రబ్బరువి. తోలు కాదు. ఇవి అప్పుడూ ఇక్కడే ఉన్నాయమ్మా. ఒక్క మాట చెప్పుంటే ఇచ్చేవాణ్ణి."

నా గిర్మిట్ తీరింది. ఊరికి ఒక్కదాన్నే వెళ్లి ఎవరికి ముఖం చూపించను? లబాసా పక్కనే బులిలేకాలో చిన్న పొలం చెక్క కౌలుకు చేసుకుంటున్నాను. ఆ రబ్బరు బూట్లలో గుడ్డపీలికలు కుక్కి తొడుక్కుని చెరుకులోకి దిగుతాను. ఆడవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. భజనకు మాత్రం వెళ్లలేను. ఆ అరుగు మీద నాకు కాలు పడదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. డాక్టరు చెప్పింది మీ దేవుడికో, మీ ఆచారానికో, మీ సిగ్గుకో అడ్డం వస్తే అక్కడే, అతని ముఖం మీదే చెప్పండి. నవ్వితే నవ్వుతాడు. ఇంకో దారి ఉందేమో అడగండి. ఊరికే తల ఊపి మాత్రం రాకండి. మేమిద్దరం తల ఊపి వచ్చాం.